యూరిక్ యాసిడ్ నార్మల్ వచ్చింది, మరి కాలెందుకు వాచింది?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది సూళ్లూరుపేట. పెళ్లయినప్పటి నుంచి చెన్నైలో, అయనావరంలో ఉంటున్నాం. మావారికి 47 ఏళ్లు. అంబత్తూరు ఎస్టేట్‌లో చిన్న లేత్ వర్క్‌షాపు నడుపుతారు. బీపీకి బిళ్ళ వేసుకుంటారు. మొన్న వేసవిలో నెల్లూరులో మా పిన్ని కూతురి పెళ్లికి వెళ్లొచ్చిన మర్నాడు తెల్లవారుజామున మూడింటికి కుడికాలి బొటనవేలు వాచి, ఎర్రగా కందిపోయింది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయారు. పరీక్ష చేయిస్తే యూరిక్ యాసిడ్ 6.3, నార్మల్ అన్నారు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ (రుమటాయిడ్ కీళ్లవాతానికి చేసే రక్తపరీక్ష) కూడా లేదన్నారు. వారానికి తగ్గిపోయింది. నెల తర్వాత ఇంకో డాక్టరు మళ్ళీ చేయిస్తే 8.9 వచ్చింది. అది తగ్గడానికి ఫెబుక్సోస్టాట్ 40 రాశారు. అది మొదలుపెట్టిన మూడో వారంలో ఈసారి చీలమండ వాచింది. మందు పడలేదని ఆపేశాం. మా బావగారికి 9.4 ఉంది. ఆయన రోజూ మెరీనాలో వాకింగ్ చేస్తారు, ఒక్కరోజూ నొప్పి అనలేదు. ఇమ్యూనిటీ తక్కువైతే ఇలా వస్తుందని ఎవరో చెబితే కబసుర కుడినీరు అనే సిద్ధ కషాయం కూడా తాగించాను. కందిపప్పు, టమాటా, పాలకూర ఇంట్లోకి రానివ్వడం లేదు. ఊళ్లో ఒక పెద్దాయన అడవినాభి గడ్డ అరగదీసి ఇస్తే పోతుందంటున్నారు. అసలు ఇది రక్తంలో జబ్బా, కీళ్ల జబ్బా, ఇమ్యూనిటీ జబ్బా? మా అబ్బాయికి 21. వాడికీ వస్తుందా?
— ఒక గృహిణి, అయనావరం

సమాధానం: అమ్మా, మీరు రాసిన వరుస తప్పించి ఆ గడ్డ సంగతి ముందు చెబుతాను. అడవినాభి ఇంట్లోకి రానివ్వకండి. తమిళంలో దాన్ని కణ్వలి కిళంగు అంటారు. ఎరుపూ పసుపూ కలిసిన దాని పువ్వు, సెంగాందళ్, తమిళనాడు రాష్ట్ర పుష్పం. మీ ఊరి పెద్దాయనది ఉత్త గాలిమాట కాదు. ఆ మొక్కలో కోల్చిసిన్ ఉంది, గౌట్ నొప్పికి డాక్టర్లు రాసే బిళ్ళలో ఉండేదీ అదే. గౌట్ అంటే యూరిక్ యాసిడ్ స్ఫటికాల వల్ల కీలు వాచే జబ్బు, మీవారిది అదే అనిపిస్తోంది. దిండిగల్, కరూర్ వైపు రైతులు ఆ తీగను సాగు చేసి గింజలు అమ్ముతారు, మందుల కంపెనీలు వాటి నుంచి కోల్చిసిన్ తీస్తాయి. అయితే బిళ్ళలో ఉండేది అర మిల్లీగ్రాము. గడ్డ ముక్కలో ఎంతుందో అరగదీసే మనిషికి తెలియదు. మోతాదు మించితే మొదట వాంతులు, నీళ్ల విరేచనాలు, ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో కిడ్నీలు, ఎముకల్లోని మజ్జ దెబ్బతింటాయి. దానికి విరుగుడు మందు లేదు. ఇక మూలికల కొట్లో నాభి అని అడిగితే ఒక్కోసారి వత్సనాభి చేతిలో పెడతారు. అది వేరే మొక్క, అదీ విషమే, గుండె లయ తప్పిస్తుంది. పెద్దాయనకు నమస్కారం చెప్పి ఊరుకోండి.

ఇక రక్తమా, కీళ్లా, ఇమ్యూనిటీయా అన్న ప్రశ్న. మూడూ ఉన్నాయి. కానీ మీ ఇంట్లో ఇన్ని నెలలుగా నడుస్తున్న అయోమయానికి కారణం ఒక్కటే అనిపిస్తోంది. రక్తంలో యూరిక్ యాసిడ్ పెరగడం, కీలు ఒక్కసారిగా వాచిపోవడం, ఈ రెంటినీ ఒకటే అనుకున్నారు. మొదటిది లేకుండా రెండోది రాదు, నిజమే. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది వచ్చి తీరాలని మాత్రం లేదు. రెంటికీ మందులు వేరు, తగ్గడానికి పట్టే కాలం వేరు. ఒకదాని పరీక్ష చూసి ఇంకోదాని మీద తీర్పు చెప్పకూడదు. మీ విషయంలో రెండుసార్లూ జరిగింది అదే.

యూరిక్ యాసిడ్ ఎక్కడి నుంచో వచ్చిపడే విషం కాదు. ఒంట్లో కణాలు పాతబడి విరిగినప్పుడు వాటిలోని ప్యూరిన్లు అనే పదార్థాలు యూరిక్ యాసిడ్‌గా మారతాయి. తిండి ద్వారా వచ్చేది ఇందులో మూడో వంతు ఉంటుందేమో, మిగతాదంతా మన సొంత తయారీ. చాలా జంతువుల్లో దీన్ని ఇంకా విరగ్గొట్టే యూరికేస్ అనే ఎంజైము ఉంది. మనిషి పూర్వీకుల్లో ఆ జన్యువు కోటి ఏళ్లకు పైనే మూలపడిపోయింది. కాబట్టి కిడ్నీలే సుమారు మూడింట రెండు వంతులు బయటికి పంపాలి, మిగిలింది పేగులు చూసుకుంటాయి. గౌట్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి లోపం తయారీలో ఉండదు, బయటికి పంపడంలోనే ఉంటుంది. అందులో వారసత్వం పాలు చాలా ఎక్కువ. మీవారు తిండిపోతు, అందుకే వచ్చిందని చుట్టాలు అంటుంటే ఈ మాట చెప్పండి.

ఒంటి వేడి 37 డిగ్రీలు ఉన్నచోట డెసిలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాముల దాకా ఇది కరిగి ఉంటుంది. అది దాటితే సోడియంతో కలిసి సన్నని సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకోవచ్చు. చల్లగా ఉన్నచోట ఇంకా తక్కువకే పేరుకుంటుంది, 30 డిగ్రీల దగ్గర ఆ హద్దు 4.5 చుట్టూ ఉంటుంది. గుండెకు దూరంగా, నేలకు దగ్గరగా, రోజంతా బరువు మోసే బొటనవేలి కీలు ముందు దొరికిపోవడానికి ఇదొక కారణం. ఈ స్ఫటికాలు రాత్రికి రాత్రి పుట్టవు. ఏళ్ల తరబడి, ఒక్క ముక్క మాట్లాడకుండా, మెత్తటి ఎముక మీద పొరలా చేరుతూ ఉంటాయి. పెళ్లి భోజనం వల్ల ఆ రాత్రికి అవి తయారయ్యాయని అనుకోకండి. అవి ముందే అక్కడ ఉన్నాయి.

స్ఫటికాలే దోషులని రుజువైన కథ విచిత్రమైనది. 1961లో అమెరికాలో డేనియల్ మెక్‌కార్టీ, జోసెఫ్ హాలండర్ అనే డాక్టర్లు గౌట్ రోగుల కీళ్లలోంచి తీసిన ద్రవాన్ని పోలరైజ్డ్ మైక్రోస్కోపు కింద పెట్టి ఆ సూదులను గుర్తుపట్టారు. మరుసటి ఏడాది జేమ్స్ ఫేయర్స్, మెక్‌కార్టీ కలిసి యూరేట్ స్ఫటికాలను తమ మోకాళ్లలోకే ఎక్కించుకున్నారు. గంటల్లోనే మోకాళ్లు వాచి, నొప్పికి విలవిల్లాడారు. ఇప్పుడైతే ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. సరే, సూది గుచ్చుకుంటే నొప్పి వస్తుంది, అందులో వింతేముంది అని మీరు అనవచ్చు. వింత ఏమిటంటే నొప్పి గుచ్చుకోవడం వల్ల రాలేదు. ఆ సూదులను చూసి ఒంటి కాపలా కణాలు చేసిన హడావుడి వల్ల వచ్చింది.

ఆ హడావుడి ఎలా మొదలవుతుందో తెలియడానికి ఇంకో నలభై నాలుగేళ్లు పట్టింది. 2006లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో యూర్గ్ చోప్, ఫాబియో మార్టినాన్ బృందం అసలు మీట ఎక్కడుందో చూపించింది. కీలు లోపలి పొరలో మాక్రోఫేజ్ అనే కణాలుంటాయి. చెత్త, క్రిములు ఏవి కనబడ్డా మింగడం వాటి పని. యూరేట్ సూదిని మింగితే అరిగించుకోలేవు. లోపలి సంచి చిరుగుతుంది, కణంలోని పొటాషియం బయటికి జారుతుంది. ఇది ప్రమాదమని పసిగట్టే ప్రోటీను ఒకటి కణంలోనే ఉంది, పేరు ఎన్‌ఎల్‌ఆర్‌పి3. అది మరికొన్ని ప్రోటీన్లను దగ్గరికి చేర్చి ఒక గుంపుగా కడుతుంది. ఆ గుంపునే ఇన్‌ఫ్లమసోమ్ అంటారు. దాని వల్ల కాస్పేజ్-1 అనే ఎంజైము మేల్కొని, అప్పటిదాకా పనికిరాని రూపంలో ఉన్న, వాపు సంకేతం మోసే ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను కోసి పనిచేసే రూపంలోకి తెస్తుంది. కణం గోడకు రంధ్రాలు పడి అది బయటికి వచ్చేస్తుంది.

మీరు ఆ తెల్లవారుజామున చూసినదంతా ఈ ఒక్క అణువు పిలుపుతో జరిగిందే. ఇంటర్‌ల్యూకిన్-1 చుట్టుపక్కల రక్తనాళాలకు కబురు పెడుతుంది. అవి వెడల్పవుతాయి, చర్మం ఎర్రబడి వేడెక్కుతుంది. నాళాల గోడలు వదులై నీరు ఊరుతుంది, వాపు. ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు నరాల కొసలను ఎంత సున్నితం చేస్తాయంటే దుప్పటి అంచు కూడా బరువవుతుంది. ఇంతలో న్యూట్రోఫిల్ అనే తెల్ల కణాలు లక్షల్లో కీలులోకి దిగుతాయి. అవీ సూదులను మింగబోతాయి, అవీ చిట్లుతాయి, వాటిలోని ఘాటైన రసాయనాలు పారతాయి, వాటిని చూసి మరిన్ని వస్తాయి. సరిగ్గా ఒక క్రిమి చొరబడితే ఎలా స్పందించాలో అలాగే స్పందిస్తుంది శరీరం. క్రిమి మాత్రం లేదు.

మరి ఆ స్ఫటికాలు ఏళ్లుగా అక్కడే ఉంటే, ఆ రాత్రే ఎందుకు? ఈ ప్రశ్న చాలామంది అడగరు, అసలైన ప్రశ్న ఇదే. అటక మీద దీపావళి టపాసుల పెట్టె ఏడాదంతా ఉన్నా తనంతట తాను పేలదు, నిప్పురవ్వ తగలాలి. ఇక్కడా కణానికి రెండు సంకేతాలు కావాలి. స్ఫటికాన్ని మింగడం రెండోది. అంతకన్నా ముందు, ఇంటర్‌ల్యూకిన్ ముడిసరుకు తయారు చేసి సిద్ధంగా ఉండమని మొదటి సంకేతం రావాలి. కణాల మీద జరిగిన ప్రయోగాల్లో స్ఫటికాలు ఒక్కటే వేస్తే పెద్దగా ఏమీ జరగలేదు, వాటితోపాటు కొవ్వు ఆమ్లాలు కలిపితే ఇంటర్‌ల్యూకిన్-1 పొంగుకొచ్చింది. ఇప్పుడు నెల్లూరు పెళ్లి గుర్తు చేసుకోండి. బిర్యానీ, దాంతో ఏం తాగారో నేను అడగను, మే నెల ఎండ, నీళ్లు సరిగ్గా తాగకపోవడం, రోజంతా నిలబడి తిరగడం. వీటిలో ప్రతిదీ ఒక రవ్వే. ఆపైన రాత్రి. నిద్రలో ఒంట్లో నీరు తగ్గుతుంది, పాదాలు చల్లబడతాయి, వాపును సహజంగా అణచి ఉంచే కార్టిసాల్ అర్ధరాత్రి వేళ అట్టడుగుకు చేరుతుంది. అర్ధరాత్రి నుంచి పొద్దున ఎనిమిది లోపు గౌట్ నొప్పి మొదలయ్యే అవకాశం పగటికన్నా రెట్టింపు పైనే అని ఒక అధ్యయనంలో తేలింది. ఆపరేషన్ తర్వాత, జ్వరం తర్వాత, కఠిన ఉపవాసం తర్వాత కూడా ఇలాగే రావచ్చు.

మీ బావగారి సంగతి కూడా ఇందులోనే ఉంది. ఆయన 9.4 చూసి ఆయన అదృష్టవంతుడనీ, మీవారి 6.3 చూసి ల్యాబు తప్పనీ అనుకోనక్కర్లేదు. యూరిక్ యాసిడ్ 10 దాటినవాళ్లను 15 ఏళ్లు గమనిస్తే వారిలో సుమారు సగం మందికే గౌట్ వచ్చింది. ఇలా నొప్పి రానివాళ్లలో కొందరికి స్ఫటికాలే ఏర్పడవు, కొందరికి ఏర్పడినా కాపలా కణాలు పట్టించుకోవు. నొప్పి, కిడ్నీ రాళ్లు లాంటివి లేనప్పుడు అంకె ఒక్కటి చూసి మందు మొదలుపెట్టమని మేం సాధారణంగా చెప్పం. బీపీ, షుగరు, కిడ్నీ మాత్రం చూపించుకోమనండి.

ఇమ్యూనిటీ తక్కువన్న మాట ఎవరు మొదలుపెట్టారో గానీ కోవిడ్ తర్వాత ప్రతి జబ్బుకీ అదే చెబుతున్నారు. మీవారి విషయంలో తక్కువ కాలేదు, అవసరం లేని చోట ఎక్కువైంది. కాబట్టి ఇమ్యూనిటీ పెంచుతామనే కషాయాలు, పొడులు, గమ్మీలు ఈ జబ్బుకు అక్కరకు రావు. కబసుర కుడినీరు తాగినందుకు ఏదో అయిపోయిందని భయపడకండి, ఆపేయండి చాలు. అలాగే ఇది రుమటాయిడ్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బు కూడా కాదు. అక్కడ రోగనిరోధక వ్యవస్థ సొంత కణజాలాన్నే పరాయిదనుకుని యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. ఇక్కడ యాంటీబాడీల ప్రమేయం లేదు. పుట్టుకతో వచ్చే మొదటి వరుస కాపలా, నిజంగానే ఉన్న ఒక గుచ్చుకునే వస్తువును చూసి అతిగా స్పందిస్తోంది. అందుకే ఆర్‌ఏ ఫ్యాక్టర్ లేదని రావడంలో మీకు తెలిసింది ఏమీ లేదు. గౌట్ అని తేల్చాలంటే వాచిన కీలులోంచి సిరంజితో కాస్త ద్రవం తీసి ఆ సూదులను మైక్రోస్కోపులో చూడటమే నిక్కమైన దారి. అది కుదరకపోతే అల్ట్రాసౌండులో మెత్తటి ఎముక మీద రెండో గీతలా స్ఫటికాల పొర కనబడుతుంది.

ఆ 6.3 మాట. నొప్పి జోరుగా ఉన్నప్పుడు వాపు సంకేతాలు, ముఖ్యంగా ఇంటర్‌ల్యూకిన్-6, కిడ్నీలు యూరిక్ యాసిడ్‌ను మామూలుకన్నా ఎక్కువ వదిలేలా చేస్తాయి. రక్తంలో అంకె తాత్కాలికంగా పడిపోతుంది. ఇది అరుదు కాదు. అందుకే నొప్పి తగ్గిన రెండు నుంచి నాలుగు వారాలకు మళ్ళీ పరీక్షించాలి. మీ రెండో డాక్టరు చేసింది అదే, ఆయన నమ్మదగిన డాక్టరు. నొప్పి రోజున, వాపును చూపే రక్తపరీక్ష సీఆర్‌పీ చేసి ఉంటే అది పైకి ఎగబాకి ఉండేది.

ఇంకో సంగతి, ఏ మందూ లేకపోయినా తొలి నొప్పి వారం పది రోజుల్లో తనంతట తానే తగ్గుతుంది. స్ఫటికాలు పోయి కాదు, అవి అక్కడే ఉంటాయి. వచ్చిపడిన న్యూట్రోఫిళ్లు తమ డీఎన్ఏను వలలా బయటికి విసిరి ఒకదానికొకటి అల్లుకుంటాయి. ఆ వలల ముద్ద ఇంటర్‌ల్యూకిన్-1 లాంటి సంకేతాలను పట్టి ముక్కలు చేస్తుంది. జర్మనీ శాస్త్రజ్ఞులు 2014లో ఇది గమనించారు. మాక్రోఫేజులు కూడా అప్పటికి స్వభావం మార్చుకుని చల్లార్చే సంకేతాలు పంపుతాయి. నాలుగో రోజున మొదలుపెట్టిన పసరు మందుకు, తాయెత్తుకు, చివరికి కొన్ని ఇంగ్లీషు మందులకూ ఎనిమిదో రోజున మంచి పేరు వచ్చేది ఇలాగే.

అంతవరకూ ఓర్చుకోమని కాదు. నొప్పి మొదలైన రోజే మందు పడితే త్వరగా తగ్గుతుంది. మన దగ్గరున్న మూడు రకాలూ ఈ సంకేతాల దారిలోనే తలో చోట అడ్డుపడతాయి. నాప్రోక్సెన్, ఎటోరికాక్సిబ్ లాంటి నొప్పి బిళ్ళలు ప్రోస్టాగ్లాండిన్లను ఆపుతాయి. మీవారికి బీపీ ఉంది కాబట్టి అవి కిడ్నీ పరీక్ష చూశాకే. మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేయించుకునే అలవాటు ఉంటే మాన్పించండి, బీపీ బిళ్ళలో నీరు తీసే మందు కూడా ఉంటే ఆ జోడీ కిడ్నీని దెబ్బతీస్తుంది. ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్లు దారి మొత్తాన్ని పైనుంచే నొక్కుతాయి. సుమారు ఐదు రోజుల కోర్సు నాప్రోక్సెన్ అంతే బాగా పనిచేస్తుందని తేలింది, షుగరు ఉన్నవాళ్లు గమనించుకోవాలి. స్టెరాయిడ్ అనగానే చాలా ఇళ్లల్లో గొడవ. అదే ఇంట్లో పేరు లేని పొట్లాల్లో వచ్చే వాతం పొడి మాత్రం భక్తిగా మింగుతారు, అలాంటి పొడుల్లో తరచూ కలిపి ఉండేది కూడా స్టెరాయిడే.

కోల్చిసిన్ కణంలోని సన్నని గొట్టాల చట్రాన్ని కట్టుకోనివ్వదు. దాంతో న్యూట్రోఫిళ్లు కదలలేవు, ఇన్‌ఫ్లమసోమ్ కూడా సరిగ్గా కూడదు. వెనకటి రోజుల్లో విరేచనాలు పట్టుకునేదాకా గంటకో బిళ్ళ వేయించేవారు. అంత అక్కర్లేదని, మొదట రెండు బిళ్ళలు, గంటకు ఇంకొకటి వేసి ఆపినా అంతే పనిచేస్తుందని 2010లో వచ్చిన ఒక పరీక్ష చూపింది. మీవారి కిడ్నీ పనితీరు చూసి మోతాదు డాక్టరు చెప్పాలి. గొంతు నొప్పికో దగ్గుకో క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే కోల్చిసిన్ వాడుతున్నామని తప్పకుండా చెప్పండి. ఆ రెండూ కలిస్తే కోల్చిసిన్ ఒంట్లో పేరుకుని ప్రాణాపాయం అవుతుంది. ఇంట్లో చేయగలిగింది ఐసు. గుడ్డలో చుట్టి, కాసేపు పెట్టి తీసేస్తూ ఉండండి. ఉప్పు మూటతో కాపడం వద్దు.

ఇంటర్‌ల్యూకిన్-1ను నేరుగా ఆపే ఇంజెక్షన్లూ ఉన్నాయి, అనాకిన్రా, కానాకినుమాబ్. చాలా ఖరీదు, మామూలు రోగికి అవసరం రాదు. కానీ వాటి వల్ల మనకు తెలిసింది మాత్రం మీ ప్రశ్నకు సూటి జవాబు. గుండెపోటు వచ్చిన 10 వేలమందికి పైగా రోగుల మీద కానాకినుమాబ్‌ను గుండె కోసం పరీక్షించారు. అందులో గౌట్ దాడులు సగానికి పడిపోయాయి, యూరిక్ యాసిడ్ మాత్రం ఉన్నచోటే ఉంది. అంకె కదలకుండానే నొప్పి ఆగింది. అలాగని అది చాలు అనుకోకూడదు, స్ఫటికాలు లోపల పేరుకుంటూ, కీలును తినేస్తూనే ఉంటాయి.

ఇప్పుడు మీరు ఆపేసిన ఫెబుక్సోస్టాట్. మందు పడక నొప్పి రాలేదమ్మా. పనిచేయడం మొదలుపెట్టినందుకే వచ్చింది. రక్తంలో అంకె దిగగానే ఏళ్లనాటి స్ఫటికాల గడ్డలు కరగడం మొదలవుతుంది, వాటిలోంచి చిన్న ముక్కలు ఊడి కీలులోకి రాలతాయి. కాపలా కణాలకు అవి కొత్తగా కనబడతాయి, మళ్ళీ అదే తంతు. మొదటి ఆర్నెల్లూ ఇది జరగవచ్చని తెలిసిందే. అందుకే యూరిక్ యాసిడ్ మందుతోపాటు మొదటి మూడు నుంచి ఆరు నెలలు రోజూ చిన్న మోతాదు కోల్చిసిన్ వాడాలని ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది రాయలేదో, రాసినా నొప్పి లేదని మీరు వేయలేదో, చీటీ చూసుకోండి. మధ్యలో నొప్పి వచ్చినా యూరిక్ యాసిడ్ మందు ఆపకూడదు, నొప్పికి విడిగా మందు వేసుకోవాలి. ఆపి, మొదలుపెట్టి, మళ్ళీ ఆపితే ప్రతిసారీ ఆ తొలి ఆర్నెల్ల బాధే మిగులుతుంది.

మందు ఏదన్నది మీ డాక్టరుతో మాట్లాడండి. సాధారణంగా మొదట ఇచ్చేది అల్లోప్యూరినాల్, 1966 నుంచి వాడుకలో ఉంది. 100 మిల్లీగ్రాములతోనో అంతకన్నా తక్కువతోనో మొదలుపెట్టి కొన్ని వారాలకోసారి పెంచుతారు. ఒంటి మీద దద్దుర్లు వస్తే, నోట్లో పుండ్లు పడితే ఆ క్షణమే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఫెబుక్సోస్టాట్ ఇచ్చేటప్పుడు ఆలోచిస్తారు, 2019లో అమెరికా నియంత్రణ సంస్థ దాని మీద హెచ్చరిక పెట్టింది. తర్వాత యూరప్‌లో జరిగిన పెద్ద పరీక్షలో ఆ ప్రమాదం కనబడలేదు. ఏది వాడినా గురి ఒకటే, అంకె 6 కిందికి రావాలి, అక్కడే నిలబడాలి. నాటింగ్‌హామ్‌లో నర్సులు రోగులను కూర్చోబెట్టి, ఈ జబ్బు ఏమిటో విడమరిచి చెప్పి, మోతాదు కొద్దికొద్దిగా పెంచుతూ పోతే రెండేళ్లకు నూటికి 95 మంది ఆ గురి చేరారు. మామూలు పద్ధతిలో చూపించుకున్నవారిలో చేరింది 30 మందే. అక్కడ కొత్త మందేమీ ఇవ్వలేదు. మన ఓపీల్లో ఒక్కో రోగికి దొరికే సమయం తలుచుకుంటే మిమ్మల్ని తప్పుపట్టాలనిపించదు.

బీపీ బిళ్ళ స్ట్రిప్పు తిప్పి చదవండి. హైడ్రోక్లోరోథయాజైడ్ గానీ క్లోర్‌థాలిడోన్ గానీ కలిసి ఉంటే అది యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. మీరుగా ఆపకండి, డాక్టరుకు చూపించండి. లోసార్టాన్ అయితే కాస్త తగ్గిస్తుంది, మార్చడానికి వీలుంటే వారే మారుస్తారు.

తిండి విషయంలో మీరు తప్పు వస్తువులను వెళ్లగొట్టారు. కందిపప్పు, పాలకూర తెప్పించుకోండి. అమెరికాలో 47 వేలమంది మగవాళ్లను 12 ఏళ్లు గమనిస్తే కాయగూరల్లోని ప్యూరిన్ల వల్ల గౌట్ పెరగలేదు, మాంసం, చేపలు, రొయ్యల వల్ల పెరిగింది. పాలు, మజ్జిగ తీసుకునేవాళ్లలో తగ్గింది. టమాటా కొందరు తమకు పడదంటారు, మీవారికి అలా అనిపించకపోతే చారు పెట్టండి. బీరు అన్నిటికన్నా చెడ్డది. కూల్‌డ్రింకులు, డబ్బా పళ్లరసాలు దాని వెనకే, వాటిలోని ఫ్రక్టోస్ అనే చక్కెర ఒంట్లో విరిగేటప్పుడు యూరిక్ యాసిడ్ పుడుతుంది. మేక కాలేయం, మెదడు, ఎండు చేపలు తగ్గించండి. అయితే ఎంత కట్టుదిట్టమైన పథ్యం చేసినా అంకె దిగేది సుమారు ఒక పాయింటు. 8.9 నుంచి 6 కిందికి పథ్యంతో రాదు. లేత్ షెడ్డులో ఎండాకాలం పని కాబట్టి నీళ్ల సీసా పక్కనే పెట్టించండి.

ఒక్క కీలు వాచి, దాంతోపాటు చలిజ్వరం వస్తే ఇది మామూలుగా వచ్చే గౌటేలే అని ఇంట్లో ఉండిపోకండి. కీలులో చీము పట్టినా ఇలాగే ఉంటుంది, గౌట్ ఉన్న కీలుకూ అది పట్టవచ్చు. అదే రోజు ద్రవం తీసి పరీక్షించాలి. ప్రైవేటు ఖర్చు బరువనుకుంటే సెంట్రల్ స్టేషన్ దగ్గర రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో రుమటాలజీ విభాగం ఉంది. వెళ్లేటప్పుడు రెండు యూరిక్ యాసిడ్ రిపోర్టులు, తేదీలతో సహా, బీపీ బిళ్ళ స్ట్రిప్పు, ఆపేసిన ఫెబుక్సోస్టాట్ చీటీ తీసుకెళ్లండి. కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష చేయించి ఉండకపోతే ముందే చేయించుకుంటే ఒక రోజు కలిసొస్తుంది.

అబ్బాయి సంగతి. తండ్రికి ఉంది కాబట్టి వాడికి వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా ఎక్కువే. కానీ 21 ఏళ్లకు, ఏ నొప్పీ లేకుండా యూరిక్ యాసిడ్ పరీక్ష వద్దు. కాస్త ఎక్కువ వస్తే మందు అక్కర్లేదని మేం అంటాం, అంకె చూసి మీకు నిద్ర పట్టదు. బరువు పెరగకుండా చూసుకోమనండి, ఫ్రిజ్‌లో కూల్‌డ్రింక్ బాటిల్ పెట్టడం మానండి. బీరు సంగతి మీరు అడిగితే చెప్పడు, వాళ్ల నాన్ననే మాట్లాడమనండి.